యంత్రాల మర్మమెరిగిన జి.డి. నాయుడు

ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో దక్షిణ భారత గ్రామాలకు మోటారు సైకిలు ఒక వింత వస్తువు. ఎద్దుబండి, గుర్రపుబండి తప్ప మరొక వాహనం ఎరుగని మట్టిబాటపై అది పొగ చిమ్ముతూ, చెవులు చిల్లులు పడే చప్పుడుతో సాగిపోతుంటే పిల్లలు వెంట పరుగెత్తేవారు. పెద్దలు బాట విడిచి పక్కకు తొలగేవారు. కోయంబత్తూరు ప్రాంతంలో రెవెన్యూ శాఖకు చెందిన ఒక ఆంగ్లేయ అధికారి అటువంటి బండిపై తిరుగుతూ ఉండేవాడు. ఒక రైతు యువకుడు ఆ బండిని చూశాడు. అందరూ బండిని, దాని మీద కూర్చున్న దొరను చూడగా, ఆ యువకుని చూపు మాత్రం రెండు చక్రాల నడుమ బిగించి ఉన్న ఇనుప ముద్దపై నిలిచింది. ఎద్దు లేదు, గుర్రం లేదు. మరి ఈ బండిని లాగుతున్నదేమిటి? ఆ ప్రశ్న అతనిని నిద్రపోనివ్వలేదు. ఆ యువకుడే తరువాతి కాలంలో జి.డి. నాయుడుగా దేశమంతటా పేరు పొందిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించాడు. ఆయనది తెలుగు మాతృభాషగా గల వ్యవసాయ కుటుంబం. విజయనగర రాజులు, వారి తరువాత నాయక రాజులు పాలించిన కాలాలలో తెలుగు సీమ నుండి తమిళ దేశానికి తరలివెళ్ళిన కుటుంబాలు అనేకం. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకొంటూ తరతరాలుగా అవి అక్కడి నల్లరేగడి నేలలలో పత్తి పండిస్తూ స్థిరపడ్డాయి. నాయుడు పసితనంలోనే తల్లిని కోల్పోయాడు. బడి చదువు ఆయనకు ఏనాడూ రుచించలేదు. పలకా బలపం కంటె పొలం గట్టు, బావి కప్పీ ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. ప్రాథమిక విద్య కూడా పూర్తి కాకుండానే చదువు ముగిసింది. ఆ తరువాత పుస్తకాలు చదివే అలవాటు ఆయనకు అబ్బింది గాని, అది బడి పెట్టిన భిక్ష కాదు.

మోటారు సైకిలును చూసిన తరువాత ఆయనకు ఊరిలో కాలు నిలువలేదు. దానిని కొనాలంటే డబ్బు కావాలి. అందుకోసం కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటలులో వడ్డన పనికి కుదిరాడు. భూమి గల రైతు ఇంటి బిడ్డ పరుల ఎంగిలి విస్తళ్ళ నడుమ తిరగడం ఆనాటి సమాజంలో చిన్న విషయం కాదు. నాయుడు దానిని లెక్కచేయలేదు. కూడబెట్టిన సొమ్ముతో తాను చూసిన ఆ మోటారు సైకిలునే కొన్నాడు. అది ఇంగ్లాండులోని కోవెంట్రీ నగరంలో తయారైన 1912 నాటి రడ్జ్ బండి.

బండి చేతికి వచ్చిన తరువాత మరొకరైతే దానిపై ఊరేగి ఉండేవారు. నాయుడు దానిని విప్పి ముక్కలు చేశాడు. విప్పిన ప్రతి భాగాన్నీ పరిశీలించి, తుడిచి, తిరిగి ఏది ఎక్కడ ఉండేదో అక్కడ బిగించాడు. చెప్పే గురువు లేడు. అది సరిగ్గా బిగిసిందో లేదో చెప్పగలిగిన పరీక్షాధికారి ఒక్క ఇంజనే. తప్పు బిగిస్తే కదలదు, ఒప్పుగా బిగిస్తే పలుకుతుంది.

ఆ ఇంజను లోపల ఆయనకు కనిపించినదేమిటో కొంత తెలుసుకోవడం అవసరం. ఆనాటి రడ్జ్ బండికి ఒకటే సిలిండరు. దాని లోపలి వ్యాసం 85 మిల్లీమీటర్లు. అందులో పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 88 మిల్లీమీటర్లు. పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం నిప్పురవ్వతో భగ్గున మండి పిస్టనును కిందికి నెడుతుంది. ఆ నిట్టనిలువు కదలికను క్రాంక్ షాఫ్టు అనే వంకర ఇరుసు గుండ్రని తిరుగుడుగా మారుస్తుంది. చెప్పడానికి ఇంత సులువు. కాని ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగిందనుకొందాం. అప్పుడు పిస్టన్ ఒక్క నిమిషంలో 4,000 సార్లు ఆగి, వెనుదిరిగి, మళ్ళీ పరుగెత్తవలసి వస్తుంది. అరకిలో బరువు గల పిస్టన్ పై అంచున దిశ మార్చుకొనే క్షణంలో, తనను పట్టి ఉంచిన కడ్డీని వంద కిలోలకు మించిన బరువు వేలాడదీసినట్లుగా లాగుతుంది. వేగం రెట్టింపయితే ఈ లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఇంజన్లు విరిగిపోయేది సాధారణంగా ఇక్కడే. లోపలి మంట వాటిని విరగగొట్టడం కంటె, వాటి వేగమే వాటిని విరగగొట్టడం ఎక్కువ.

కవాటాల సంగతి మరొకటి. గాలిని లోనికి రానిచ్చి, పొగను బయటికి పంపే కవాటాలను మూసి ఉంచేది స్ప్రింగు. వేగం హద్దు మీరినప్పుడు స్ప్రింగు తన కవాటాన్ని సకాలంలో మూయలేదు; తెరిచి ఉన్న కవాటం పైకి వచ్చే పిస్టనుకు తగిలితే ఇంజను అంతటితో సరి. ఇక కందెన నూనె. ఆనాటి మోటారు సైకిళ్ళలో నూనె తనంత తాను తిరిగే ఏర్పాటు లేదు. నడిపే మనిషి కొంత దూరానికి ఒకసారి చేతిపంపును నొక్కి ఇంజనుకు నూనె అందించాలి. మరచిపోతే లోహం లోహాన్ని ఒరుసుకొని పట్టేస్తుంది. ఎక్కువ పోస్తే పొగ కమ్మి నిప్పురవ్వ ఆరిపోతుంది. అంటే బండి నడపడమన్నది ఇంజను ఆకలి దప్పికలను చెవితో విని తెలుసుకొనే విద్య.

ఈ సూత్రాలు కాలంతో మారేవి కావు. నాయుడు బండిని విప్పిన యాభై ఏళ్ళకు పైబడిన తరువాత, 1967లో అమెరికాలో షెవర్లే సంస్థ కమారో జడ్ 28 అనే కారును పందాల కోసం తయారుచేసింది. భారీ ఇంజన్లతో దూసుకుపోయే ఇటువంటి బండ్లకు అక్కడివారు మజిల్ కార్లని, అంటే కండబలం గల కార్లని పేరు పెట్టారు. దాని ఇంజనుకు ఎనిమిది సిలిండర్లు ఉన్నా, పిస్టన్ కదిలే దూరం 76 మిల్లీమీటర్లే. ఆ దూరాన్ని కుదించినది వేగాన్ని తట్టుకోవడానికే. అందులోని క్రాంక్ షాఫ్టును పోతపోసిన ఇనుముతో కాక, కొలిమిలో కాచి సాగగొట్టిన ఉక్కుతో చేశారు. నిమిషానికి 7,000 చుట్ల వద్ద కూడా ఆ ఇంజను నిలిచేది. తిరిగే భాగాల బరువు తగ్గించడం, ఎదురెదురు బరువులను గురివింజ గింజంత తేడా లేకుండా సరితూచడం, కవాటాల స్ప్రింగులకు తగిన బిగువు ఇవ్వడం, నూనెకు దారి చూపడం – ఏ దేశపు మెకానిక్కుకైనా చేయవలసిన పని ఇదే. కోయంబత్తూరు యువకుడు గ్రంథాల సాయం లేకుండా చేతివేళ్ళతో తడిమి తెలుసుకొన్న విద్య ఈ కోవకు చెందినది.

అయితే ఆయన జీవితం ఆ బండి ఎక్కి నేరుగా యంత్రాల దారిన సాగలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తిరుప్పూరులో పత్తి వ్యాపారంలో దిగి బాగా గడించాడు. మరింత గడించాలని బొంబాయి వెళ్ళి, అక్కడి వ్యాపారపు సుడిలో గడించినదంతా పోగొట్టుకొన్నాడు. ఇనుమును అర్థం చేసుకొన్నంత సులువుగా ఆయన అంగడిని అర్థం చేసుకోలేకపోయాడు. చేతులు ఖాళీ చేసుకొని తిరిగి వచ్చిన ఆయనకు మిగిలిన ఆస్తి ఒక్కటే, మెకానిక్కు పని.

కోయంబత్తూరులో సర్ రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ పారిశ్రామికవేత్త ఉండేవాడు. నాయుడు ఆయన సంస్థలో పనిలో చేరాడు. పనివాని చేతిలోని నేర్పును పసిగట్టిన స్టేన్స్, సొంతంగా బస్సు నడుపుకొమ్మని ప్రోత్సహించి, అందుకు అవసరమైన అప్పు సమకూర్చాడు. 1920లో నాయుడు ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య నడపడం ప్రారంభించాడు. ఆ బస్సుకు యజమాని ఆయనే, డ్రైవరూ ఆయనే. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం కావడంతో యాత్రికులకు కొదవ లేదు. ఒక బస్సు పదులైంది, పదులు వందలయ్యాయి. యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పేరుతో ఆయన స్థాపించిన రవాణా సంస్థ కొద్ది సంవత్సరాలలోనే దేశంలోని మేలైన బస్సు సంస్థలలో ఒకటిగా పేరు గడించింది.

బస్సులు కొనడం డబ్బున్న ఎవరికైనా సాధ్యమే. వాటిని నిత్యం నడిచేటట్లు ఉంచడమే కష్టం. అప్పటి ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు తిరిగే బేరింగులలో తెల్లలోహం అనే మెత్తని మిశ్రమలోహాన్ని పోసేవారు. అది అరిగినప్పుడల్లా మళ్ళీ కరిగించి పోసి, ఇరుసుకు రంగు పూసి తిప్పి, రంగు అంటిన చోటల్లా చేతి ఉలితో గీకి సరిచేయాలి. కాగితం మందం కంటె ఎక్కువ సందు ఉంటే ఇంజను టకటకమని కొట్టుకొంటుంది. అసలు సందే లేకపోతే వేడెక్కి బిగుసుకొంటుంది. ఎండాకాలంలో నిండు బస్సుతో చిన్న గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తూ తిరుగుతుంది గాని, బండి మెల్లగా కదులుతుంది. ఎదురుగాలి లేక రేడియేటరులో నీరు మరుగుతుంది. విడిభాగాలు ఓడలపై విదేశాల నుండి రావలసిన ఆ రోజులలో ఒక ఇంజను పాడైతే ఆ బస్సు వారాల తరబడి షెడ్డులో పడి ఉండేది. అందువల్ల నాయుడు తన బస్సుల పక్కనే తన మరమ్మతు కర్మాగారాన్నీ పెంచుకొంటూ వచ్చాడు. దిగుమతి చేసుకొన్న వస్తువును బాగుచేయడం నేర్చినవారు దానిని తయారుచేయడం గురించి ఆలోచించకుండా ఉండలేరు. ఆయన తరువాతి జీవితమంతా ఈ ఆలోచన నుండి పుట్టినదే.

1932లో నీలగిరులలో పైకారా జలవిద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలై, ఆ విద్యుత్తు కోయంబత్తూరు మైదానాలకు ప్రవహించింది. మిల్లులకు, లోతైన బావుల నుండి నీరు తోడుకొనే రైతులకు విద్యుత్తు అందింది కాని, దానితో తిరిగే మోటార్లు విదేశాల నుండే రావాలి. నాయుడు పీళమేడులో విద్యుత్ యంత్రాల కర్మాగారాన్ని నెలకొల్పాడు. అక్కడ డి. బాలసుందరం నాయుడు కృషితో 1937లో విద్యుత్ మోటారు తయారైంది. దేశీయంగా రూపొందిన మొదటి విద్యుత్ మోటారుగా దానికి చరిత్రలో స్థానం లభించింది. మోటారులో మంట లేదు, కవాటాలు లేవు. కాని తిరిగే భాగాన్ని సరితూచవలసిన అగత్యం అక్కడా తప్పదు. నిమిషానికి దాదాపు పదిహేను వందల చుట్లు తిరిగే రోటరులో ఒక పక్క కొద్దిపాటి బరువు ఎక్కువైనా అది అదురుతూ తన బేరింగులను తానే తినివేస్తుంది. ఇంజను నేర్పిన పాఠం మోటారుకు అక్కరకు వచ్చింది. బాలసుందరం తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. ఒకరి షెడ్డులో పని నేర్చినవారు మరొక షెడ్డు తెరవడం ఆ నగరానికి అలవాటయింది. మోటార్లు, పంపుసెట్ల తయారీలో కోయంబత్తూరు దేశానికే పెట్టింది పేరుగా మారింది. నేడు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల పరిసరాలలో నాపరాతిని కోసి నునుపు చేసే యంత్రాలు తిరిగినా, ఆ చుట్టుపక్కల పొలాలలో బోరు నీరు పైకి వచ్చినా, ఆ పని చేసేది విద్యుత్ మోటారే. స్విచ్చి వేసే చేయి దాని పూర్వ చరిత్రను తలచుకోవలసిన పని లేదు గాని, 1937కు ముందు మన దేశం ఆ ఒక్క యంత్రానికి కూడా పరదేశాల వైపు చూడవలసి వచ్చేదన్నది మాత్రం వాస్తవం.

నాయుడు చేతి నుండి వెలువడిన వస్తువులు ఇంకా అనేకం. బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు గల క్షౌర యంత్రం, మిక్కిలి పలుచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా, మోసానికి తావులేని ఓటు నమోదు యంత్రం వాటిలో కొన్ని. ఐదు వాల్వుల రేడియోను డెబ్బై రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని 1941లో ఆయన ప్రకటించాడు. ఛాయాగ్రహణంపై కూడా ఆయనకు మక్కువ ఎక్కువ. 1936లో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను ఆయన స్వయంగా చలనచిత్రంగా తీశాడు. వ్యవసాయంలోనూ ప్రయోగాలు చేసి ఎత్తయిన పత్తి మొక్కలను పెంచాడు. ఇన్నింటిలో చేయి పెట్టినందువల్ల కొన్ని సగంలో నిలిచిపోయిన మాట నిజమే. ఆయనది ఒక పనిని పట్టుకొని చివరిదాకా కూర్చొనే స్వభావం కాదు. ఒక చిక్కుముడి విడిపోగానే మనసు మరొకదానిపైకి పోయేది.

1944లో ఆయన రవాణా వ్యాపారం నుండి విరమించుకొని, పరిశోధక విద్యార్థులకు వేతనాలు, తన సిబ్బందికి, బడుగు వర్గాలకు సంక్షేమ పథకాలు ప్రకటించాడు. ఆయన కృషితో, విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. ఆనాటి మద్రాసు గవర్నరు పేరు అది. 1945లో ఆ ఇంజనీరింగు కళాశాలకు నాయుడే ప్రిన్సిపాలు అయ్యాడు. మూడు తరగతులైనా సరిగా చదవని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు అధిపతి కావడం విడ్డూరమే. అయితే ఆ పదవి ఎంతో కాలం నిలువలేదు. నాలుగేళ్ళ చదువు కాలహరణమని, యంత్రం దగ్గర నిలబెట్టి నేర్పితే రెండేళ్ళు చాలునని ఆయన వాదించాడు. ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడు రాజీనామా చేశాడు.

ఈ వివాదంలో న్యాయం పూర్తిగా ఒక పక్కనే ఉన్నదనడానికి వీలులేదు. ఇంజనును విప్పి బిగించడం రెండేళ్ళలో వస్తుంది. ఇరుసు ఎంత వేగం వద్ద విరుగుతుందో విరగకముందే లెక్కగట్టడానికి గణితం కావాలి, గణితానికి కాలం కావాలి. నాయుడు తనకు గల అసాధారణ ప్రతిభను విద్యార్థులందరికీ కొలమానంగా తీసుకొన్నాడు. కాని చేతికి మసి అంటకుండా పట్టా పుచ్చుకొనే ఇంజనీర్లను చూసి ఆయన పడిన ఆందోళన నిరాధారమైనది కాదు. ఆ కళాశాల నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగుతున్నది. అక్కడ కోర్సు నాలుగేళ్ళే.

మోటారు సైకిలును విప్పిన నాటి నుండి నాయుడు మనసులో ఉన్న కోరిక 1952లో రూపు దాల్చింది. ఆ సంవత్సరం ఇద్దరు కూర్చొనే పెట్రోలు కారును ఆయన తయారుచేశాడు. దాని వెల రెండు వేల రూపాయలు మాత్రమే. కారన్నది జమీందారుల, పెద్ద అధికారుల ముంగిట మాత్రమే కనిపించే రోజులవి. కాని అది నడిచిన కాలం కూడా అదే గనుక చిక్కు వచ్చింది. 1951 నాటి పరిశ్రమల చట్టం 1952లో అమలులోకి వచ్చి, కొత్త పరిశ్రమలకు ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి చేసింది. మోటారు పరిశ్రమను కొద్ది సంస్థలకే పరిమితం చేయాలన్నది ఆనాటి విధానం. దేశంలో విడిభాగాలు బిగించి కార్లు అమ్ముతున్న జనరల్ మోటార్స్, ఫోర్డ్ వంటి మహాసంస్థలే 1954 నాటికి ఇక్కడి నుండి తప్పుకొన్నాయి. నాయుడు కారుకు లైసెన్సు లభించలేదు. తయారీ ఆగిపోయింది.

రెండు వేల వెలకు వేల కార్లు తయారై ఉండేవా అన్నది పరీక్షకు రాకుండానే ముగిసిన విషయం. ఒక కారును షెడ్డులో చేయడం వేరు, దినానికి పది కార్లను ఒకే తీరున చేయడం వేరు. అయినా ఆ కారు తన లోపం వల్ల ఓడిపోలేదు. దాని ఇంజను వేడెక్కి బిగుసుకోలేదు, ఇరుసు విరగలేదు. యంత్రం ఆగితే కారణం ఎక్కడ వెదకాలో నాయుడుకు తెలుసు; దస్త్రం ఆగినప్పుడు ఏ మర విప్పాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. పన్నుల విధానం పైనా, అనుమతుల జాప్యం పైనా ఆయన కోపం ఆ దశకంలో కట్టలు తెంచుకొన్నది. తాను తయారుచేసిన వస్తువులను తానే బహిరంగంగా ధ్వంసం చేసి నిరసన తెలిపాడు. వస్తువులను పగులగొట్టడం సబబు కాదని ఆయనను అభిమానించేవారే అన్నారు. ఒక భాగాన్ని విప్పినా జాగ్రత్తగా గుడ్డపై పేర్చే మనిషి సుత్తి ఎత్తవలసి వచ్చిందంటే, ఆ బాధ ఎంతటిదో ఊహించవచ్చు.

జీవితపు చివరి దశలో ఆయన పారిశ్రామిక ప్రదర్శనశాలపై, యువకుల శిక్షణపై దృష్టి నిలిపాడు. 1974 జనవరి 4న కన్నుమూశాడు. కోయంబత్తూరులోని ఆయన ప్రదర్శనశాలలో ఆయన రూపొందించిన వస్తువులను నేటికీ చూడవచ్చు. 2015లో ఆయన వారసుల సంస్థ అక్కడే పాత కార్ల ప్రదర్శనశాలను కూడా తెరిచింది. 2025లో అవినాశి రోడ్డుపై పది కిలోమీటర్ల పొడవున నిర్మించిన పైవంతెనకు జి.డి. నాయుడు పేరు పెట్టారు. ఒకనాడు ఒక్క మోటారు సైకిలు చప్పుడుకు జనం బాట విడిచి తొలగిన ఆ ప్రాంతంలో, నేడు ఆ వంతెనపై రాత్రింబవళ్ళు బండ్లు బారులు తీరి పోతున్నాయి.